రాతి సాక్ష్యాన్ని నమ్ముకున్న మేనకోడలికి

అమ్మలూ,

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో రిసెర్చ్ ఫెలోగా చేరావనీ, ప్రాచీన శిలల అయస్కాంతత్వం మీద పిహెచ్‌డి చేయబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. మన ఇంట్లో ఈ విద్య నాతోనే ఆగిపోతుందనుకున్నాను. చెప్పిన నోటితోనే మీ అమ్మ, "రాళ్ళు కొలుచుకుంటూ కూర్చుంటే పిల్ల ఎప్పటికి స్థిరపడుతుంది అన్నయ్యా?" అని అడిగింది. తనకు చెప్పాల్సింది తనకు చెప్పాను. నీకు చెప్పాల్సింది ఫోనులో చెప్పేది కాదు గనుక రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మన రంగంలో ఎవరి పేరైనా నిలబడిందంటే, వాళ్ళు కొలిచిన రాతి దగ్గరకు ఇంకొకరు వెళ్ళి కొలిచినా అదే దిక్కు వచ్చింది కాబట్టి నిలబడింది. ఉద్యోగం, పదోన్నతి, అవార్డు అన్నీ కావలసినవే, వాటిని నేను చిన్నచూపు చూడను. కానీ నీ వృత్తికి పునాది ఆ ఒక్క కొలత. నేను కింద చెప్పే ప్రతి సలహా దాన్ని కాపాడుకోవడం కోసమే.

నీకు తెలిసిన పాఠాన్నే ఒకసారి గుర్తుచేస్తాను. లావా చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగగానే అందులోని మాగ్నటైటు రేణువులు అయస్కాంతాలవుతాయి. ఇంకా చల్లారేకొద్దీ ఆనాడు ఆ చోట భూమి అయస్కాంత క్షేత్రం ఏ దిక్కున ఉందో ఆ దిక్కును బిగబట్టుకుంటాయి. హెమటైటుకు ఆ హద్దు సుమారు 675 డిగ్రీలు. సముద్రం అడుగున పేరుకునే ఒండ్రులోని సన్నని రేణువులు కూడా ఆ క్షేత్రానికి ఒరిగి గట్టిపడతాయి. ఆ దిక్కు నేలకు ఎంత వాలి ఉందో కొలిస్తే అక్షాంశం దొరుకుతుంది. వాలు కోణపు టాంజెంటు అక్షాంశపు టాంజెంటుకు రెట్టింపు. ఈ చిన్న సమీకరణంతోనే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, దక్కను లావా పొంగినప్పుడు, ఇవాళ్టి మహారాష్ట్ర నేల భూమధ్యరేఖకు దక్షిణాన 30 డిగ్రీల దరిదాపుల్లో ఉండేదని తెలుసుకున్నాం.

అయితే ఆ సమీకరణానికి ఒక షరతు ఉంది. భూమి అయస్కాంత ధ్రువం ఒకచోట కుదురుగా ఉండదు, భౌగోళిక ధ్రువం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. వేల ఏళ్ళ సగటు తీస్తేనే ఆ రెండూ కలుస్తాయి. ఒక్క లావా పొర అది చల్లారిన ఆ కొద్ది కాలానికి మాత్రమే సాక్షి. అందుకని ఒకే పొర మీద వంద కోర్లు తీసి పని అయిపోయిందనుకోకు. పొర తరవాత పొర ఎక్కుతూ, కాలమంతా పరుచుకునేలా శాంపిళ్ళు తీయాలి. దీనికి ఓపిక కావాలి, ఒక్కోసారి ఒకటికి రెండు సీజన్లు కావాలి. గైడు తొందరపెట్టినా, ఫెలోషిప్పు గడువు తరుముతున్నా ఈ విషయంలో మాత్రం మెత్తబడకు.

ఇక ఫీల్డు సంగతి. కోర్ తీసేటప్పుడు జరిగిన పొరపాటును లాబ్‌లో ఎంత ఖరీదైన యంత్రమూ దిద్దలేదు. పెట్రోలు డ్రిల్లుకు వజ్రపు బిట్టు తొడిగి, నీళ్ళు పోస్తూ రెండున్నర సెంటీమీటర్ల మందం కోర్ కోస్తావు. అది ఇంకా రాతిలో ఉండగానే దాని దిక్కూ వాలూ చదివి, పైభాగం ఏదో తెలిసేలా గీత గీయాలి. ఆ గీత తారుమారైతే కోర్ ఉత్త రాతిముక్క. గీత గీసేవాళ్ళు ఒకరు, చదివి వినిపించేవాళ్ళు ఒకరు, రాసుకునేవాళ్ళు ఒకరు ఉన్నప్పుడు రాసుకున్న అంకెను గట్టిగా తిరిగి చెప్పించు. చూసేవాళ్ళకు చాదస్తంగా ఉంటుంది, ఉండనీ.

బసాల్టు దగ్గర పెట్టిన దిక్సూచిని ఆ రాయే తనవైపు లాగుతుంది. అందుకే సూర్య దిక్సూచి వాడతాం. నీడ ఎటు పడిందో, గడియారంలో ఎంతయిందో, నువ్వు ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉన్నావో తెలిస్తే అసలు ఉత్తరం లెక్క కట్టొచ్చు. మన ప్రాంతంలో దీనికో చిక్కుంది. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన పుల్లకు నీడే ఉండదు. వేసవి ఫీల్డులో మధ్యాహ్నం పూట తీసిన సూర్యుడి రీడింగును నమ్మవద్దు. పొద్దున, సాయంత్రం చదువు. ఆ మధ్యాహ్నం ఏ చెట్టు నీడనో కూర్చుని పొద్దుటి నోటుబుక్ సరిచూసుకో. వడదెబ్బ నుంచీ కాపాడుకున్నట్టవుతుంది.

గుట్ట కొన మీది బండ చూడటానికి ఎంత బాగున్నా దాన్ని ముట్టుకోకు. ఎప్పుడో పడిన పిడుగు ఆ రాతిలోని పాత గుర్తును చెరిపి తన ముద్ర వేసి ఉండొచ్చు. వాగు కోతలో, రోడ్డు కోతలో, క్వారీలో తాజా రాయి దొరుకుతుంది. రాజమండ్రి చుట్టుపక్కల లావా పొరల కోసం వెళ్ళేవాళ్ళు ఎక్కువగా క్వారీలనే నమ్ముకుంటారు. అక్కడి మేస్త్రీని గౌరవంగా పలకరించు. ఏ పొర మీద ఏ పొర ఉందో, మందుగుండు దెబ్బకు ఏ బండ చోటు మారిందో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కదిలిన బండ మీద తీసిన కోర్ అబద్ధం చెబుతుంది. దాన్ని ముందే పసిగట్టి చెప్పేవాడు ఆ మేస్త్రీయే. నీ పేపరులో కృతజ్ఞతలు చెప్పేచోట ఆ క్వారీ పనివాళ్ళను మరిచిపోకు.

డ్రిల్లు చేతిలో ఉంది కదా అని కనపడిన రాతికల్లా బెజ్జం పెట్టకూడదు. తిరుమల శిలాతోరణం, తిరుమల ఘాటురోడ్డు పక్కన కనిపించే ఎపార్కియన్ విసంగతి జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలు. వాటిని కళ్ళతో చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేయాలి. అడవిలో పనైతే, ముఖ్యంగా నల్లమలలో, అటవీశాఖ అనుమతి చేతిలో లేకుండా అడుగు పెట్టకు. నీ వెనక వచ్చే విద్యార్థులకు ఆ ఊళ్ళో తలుపు తెరిచి ఉండాలంటే నీ నడవడి బాగుండాలి.

కోర్ దిక్కు చెబుతుంది గానీ, ఆ దిక్కు ఎప్పటిదో చెప్పదు. రాయి పుట్టినప్పటిదా, మధ్యలో ఎక్కడో వేడెక్కి మళ్ళీ ముద్ర వేయించుకుందా అన్నది తేల్చాలి. ఇందుకు 1949లో గ్రాహం చెప్పిన పరీక్షలు ఈనాటికీ మనకు దిక్కు. పొరలు ముడత పడి ఉంటే, ఆ ముడతను లెక్కలో సాపు చేసి చూడు. దిక్కులన్నీ ఒకచోట చేరితే ఆ గుర్తు ముడతకు ముందటిది. గులకరాళ్ళు పొదిగిన శిల అయితే ఒక్కో గులకరాయి ఒక్కో దిక్కు చూపాలి. అన్నీ ఒకే వైపు చూపితే ఆ శిల మొత్తం తరవాతెప్పుడో కొత్త ముద్ర వేయించుకుందన్నమాట. హైదరాబాదు చుట్టూ గ్రానైటును చీల్చుకుని పైకొచ్చిన నల్లని డోలరైటు డైకులు నీ లాబ్‌కు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. డైకు పక్కనే ఉడికిన గ్రానైటు డైకు దిక్కునే చూపి, దూరంగా ఉన్న గ్రానైటు వేరే దిక్కు చూపిందనుకో, డైకు తన తొలినాటి గుర్తును నిలుపుకుందని గట్టిగా చెప్పొచ్చు. ధార్వార్ క్రేటాన్‌లోని సుమారు 237 కోట్ల ఏళ్ళ నాటి డైకుల మీద హాల్స్, అనిల్ కుమార్ తదితరులు 2007లో ప్రచురించిన పని చదువు. వయసు నిర్ణయం, దిక్కు కొలత రెండూ ఒకే చోట జోడెడ్లలా నడిచిన పని అది.

పరీక్షకు తగిన చోటు దొరకలేదనుకో, దొరకలేదని రాయి. వాన్ డర్ వూ 1990లో మంచి ఫలితానికి ఏడు కొలబద్దలు పెట్టాడు, 2020లో మీర్ట్ తదితరులు వాటిని సవరించారు. నీ ఫలితానికి నువ్వే ముందు మార్కులు వేసుకో. ఎవరో వేసేదాకా ఆగకు.

లాబ్‌లో నీకు ఎదురయ్యే పెద్ద ప్రలోభం వేరు. రాతి మీద ఇవాళ్టి క్షేత్రపు పూత కూడా ఉంటుంది. ఆల్టర్నేటింగ్ ఫీల్డుతోనో, మెట్టు మెట్టుగా వేడి చేసో ఆ పూతను ఒలుచుకుంటూ పోతే లోపలి దిక్కు బయటపడుతుంది. 1967లో జైడర్‌వెల్డ్ చూపిన పటం మీద ఆ మెట్లన్నీ గీసుకుంటాం, 1980లో కిర్ష్‌వింక్ చెప్పిన పద్ధతిలో వాటిలోంచి గీతను పట్టుకుంటాం, 1953లో ఫిషర్ ఇచ్చిన గణాంకంతో సగటు తీస్తాం. ఆ సగటు ఎంత ఖాయమో చెప్పే ఆల్ఫా-95 కోణం చిన్నదిగా వస్తే అందరూ మెచ్చుకుంటారు. అటో ఇటో పడిన రెండు శాంపిళ్ళను తీసేస్తే అది ఇట్టే చిన్నదవుతుంది. ఆ పని చేయకు తల్లీ. ఏ శాంపిలు వదిలేయాలో తేల్చే నియమాన్ని కొలవకముందే నోటుబుక్‌లో రాసి తేదీ వేసుకో. తరవాత ఆ నియమం ప్రకారమే నడుచుకో. తీసేసినవీ, ఎందుకు తీసేశావో కూడా పేపరులో పట్టికగా ఇవ్వు.

మందతో కలవని రాయి ఎంత విలువైందో మన రంగం చరిత్రే చెబుతుంది. ఫ్రాన్సులో బ్రూన్ 1906లో, లావా వేడికి కాలిన మట్టి ఇవాళ్టి దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కు చూపుతోందని ప్రకటించాడు. 1929లో జపాన్‌లో మతుయామా ఇలాంటి రాళ్ళు వయసు ప్రకారం వరసగా కనిపిస్తున్నాయని చూపాడు. చాలామంది నమ్మలేదు. ఆ అపనమ్మకానికీ కారణం ఉంది. జపాన్‌లోనే హరునా అగ్నిపర్వతపు రాయి తనంతట తానే ఎదురు దిక్కు పట్టగలదని 1950ల మొదట్లో ప్రయోగశాలలో తేలింది. అంటే భూమి క్షేత్రం తిరగబడిందా, రాయి తిరగబడిందా అన్నది నిజంగా తేల్చాల్సిన ప్రశ్నే. 1960లలో కాక్స్, డోయెల్, డాల్రింపుల్ లావాల వయసును పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో కట్టి, ఒకే వయసు రాళ్ళు లోకమంతా ఒకే వైపు చూపుతున్నాయని చూపాక వాదం ముగిసింది. ఎదురు దిక్కు చూపిన శాంపిళ్ళను తొలినాటి వాళ్ళు పారేసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

అనుకున్నది రాకపోతే ఏం చేయాలో బ్లాకెట్‌ను చూసి నేర్చుకో. 1948లో నోబెల్ అందుకున్న మనిషి. తిరిగే ప్రతి పెద్ద వస్తువుకూ తిరగడం వల్లనే అయస్కాంతత్వం పుడుతుందన్న ఊహను పరీక్షించడానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నుంచి 15 కిలోల పైచిలుకు బంగారం అరువు తెచ్చి సిలిండరు చేయించాడు. దాని క్షేత్రాన్ని పట్టుకోవడానికి అతి సున్నితమైన మాగ్నటోమీటరు కట్టాడు. ఏమీ కనపడలేదు. ఊహ తప్పని తేలింది. 1952లో ఆ వ్యతిరేక ఫలితాన్ని వ్యాసం పేరులోనే చెప్పి, దాచకుండా ప్రచురించాడు. అంతటితో ఆ పరికరాన్ని మూల పడేయలేదు, దాన్ని రాళ్ళ వైపు తిప్పాడు. ఆయన బృందానికి చెందిన క్లెగ్, డాయిష్, గ్రిఫిత్స్ 1956లో భారతదేశపు శిలల మీద ఫలితాలు వెలువరించారు. 1959లో డాయిష్‌తో కలిసి మన రాధాకృష్ణమూర్తి, సహస్రబుద్ధే దక్కను ట్రాప్‌ల మీద పేపరు రాశారు. ఓడిపోయిన ఊహ కోసం కట్టిన యంత్రం మన దేశం నడిచొచ్చిన దారిని చూపించింది. నీ పిహెచ్‌డిలో ఒక అధ్యాయం "ఏమీ రాలేదు" అని తేలితే ఏడవకు. దాన్ని రాయి, పరికరాన్నీ నైపుణ్యాన్నీ ఇంకో ప్రశ్నకు తిప్పు.

ఎవరైనా నీ పనిని కాదంటే ఇర్వింగ్‌ను తలుచుకో. విద్యార్థిగా ఉండగానే మన దేశపు రాళ్ళను కొలిచి, భారత ఖండం ఉత్తరానికి జరిగిందన్న ఊహను పరీక్షించినవాడు. 1954లో కేంబ్రిడ్జిలో అతని పిహెచ్‌డి సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షకులు ఒప్పుకోలేదు. అతను డాక్టరేటు లేకుండానే ఆస్ట్రేలియా వెళ్ళి పని కొనసాగించాడు. 1964లో అతను రాసిన గ్రంథం ఆ తరానికంతా పాఠ్యపుస్తకమైంది. మరుసటి ఏడాది అదే కేంబ్రిడ్జి అతనికి పెద్ద డాక్టరేటు ఇచ్చింది. మోర్లీ కథ కూడా తెలుసుకో. సముద్రపు అడుగున కనిపించే అయస్కాంత పట్టీలకు అర్థం చెబుతూ అతను 1963లో పంపిన వ్యాసాన్ని రెండు పత్రికలు తిప్పి పంపాయి. అదే ఏడాది సెప్టెంబరులో వైన్, మాథ్యూస్ అదే మాటను, మన పక్కనున్న హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ కొలతలతో ప్రచురించారు. ఇవాళ ఆ సిద్ధాంతం ముగ్గురి పేరుతోనూ వాడుకలో ఉంది. ఒక రిఫరీ కాదన్నంత మాత్రాన కొలత అబద్ధం కాదు, ఒక పత్రిక ఔనన్నంత మాత్రాన నిజమూ కాదు. తిప్పి పంపిన ఉత్తరాన్ని రెండు రోజులు పక్కన పెట్టు. ఆ తరవాత చదివి, అందులో న్యాయమైన మాట ఒక్కటున్నా తీసుకుని మళ్ళీ పంపు.

ఇక మనవాడి సంగతి. పుల్లయ్యగారి పేరు నీకు త్వరలోనే ఎదురవుతుంది. గోదావరి లోయలోని తిరుపతి ఇసుకరాళ్ళ మీద వర్మగారితో కలిసి 1967లో పేపరు రాసిన శాస్త్రవేత్త. 1975లో ఇర్వింగ్, బుకన్, డన్‌లప్‌లతో కలిసి ఆయన మొదటి రచయితగా రాసిన వ్యాసం ఇవాళ్టికీ లోకమంతటా వాడుకలో ఉంది. రాయి నేలలో లోతుగా కూరుకుపోయి, మోస్తరు వేడిలో కోట్ల ఏళ్ళు ఉండిపోతే పాత గుర్తు ఎంతవరకు చెరుగుతుంది, దాన్ని లాబ్‌లో కొద్దిసేపు ఎంత వేడి చేస్తే తీసేయగలం అన్న లెక్కను గీతలుగా గీసి చూపిన పని అది. ఏ దేశపు పర్వతాల్లో పనిచేసేవాళ్ళయినా ఆ గీతల మీద తమ రాతిని పెట్టి చూసుకుంటారు. ఆ పటాలను పుల్లయ్య పేరుతోనే పిలుస్తారు. పెద్ద యంత్రాలున్న దేశంలో పుట్టకపోయినా సరైన ప్రశ్నను పట్టుకుని దాన్ని చివరిదాకా తేలిస్తే పేరు దానంతటదే వెతుక్కుంటూ వస్తుందని చెప్పడానికి మన మధ్యనే ఇంత మంచి ఉదాహరణ ఉంది.

ఉద్యోగ జీవితం గురించి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరవాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, ఇంటద్దె అలవెన్సు వేరు. ఒంటరి మనిషికి సరిపోతుంది, అప్పు చేయకుండా బతకొచ్చు. కానీ డబ్బు ఒక్కో నెల ఆలస్యంగా రావచ్చు, కాబట్టి రెండు మూడు నెలల ఖర్చు ఎప్పుడూ పక్కన ఉంచుకో. పిహెచ్‌డి అయ్యాక పోస్ట్‌డాక్, ఆ తరవాత శాశ్వత ఉద్యోగం. మన దేశంలో ఈ విద్యకు ప్రత్యేకించి ఉన్న లాబ్‌లు తక్కువ. ఎన్‌జీఆర్‌ఐ కాక ముంబయి దగ్గరి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నటిజం, దెహ్రాదూన్‌లోని వాడియా సంస్థ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఒక్క తలుపు ముందే నిలబడకు. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరడానికి యూపీఎస్సీ నడిపే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది. వయసు ఉండగానే రాయి. మీ అమ్మ బెంగ కూడా సగం తీరుతుంది.

ఆ తలుపులు తెరుచుకోవాలంటే దిక్కు కొలవడం ఒక్కటే చాలదు. వయసు కట్టే విద్యలో ఒకదాన్ని, యురేనియం-సీసం పద్ధతిని గానీ ఆర్గాన్ పద్ధతిని గానీ, స్వయంగా చేయగలిగేంత నేర్చుకో. వయసు లేని ధ్రువం కాలపటంలో ఎక్కడా ఇమడదు. సూక్ష్మదర్శిని కింద ఇనుప ఖనిజాలను గుర్తుపట్టడం నేర్చుకో. పైథాన్ రాయడం నేర్చుకో. లీసా టాక్స్ రాసిన పాఠ్యపుస్తకాన్ని నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. దాన్ని మొదటి ఏడాదిలోనే లెక్కలతో సహా పూర్తి చేయి. మన రంగంలో ముందు వరసలో ఉన్న మహిళ ఆమె. నీ డేటాను మన రంగానికంతా ఉమ్మడిదైన మాజిక్ డేటాబేసులో పెట్టు, మెట్టు మెట్టు కొలతలతో సహా. ముప్పై ఏళ్ళ తరవాత ఇంకా మంచి పద్ధతి వస్తే, ఆనాటి విద్యార్థి నీ అంకెల్ని తిరిగి వాడుకోగలగాలి.

పక్క రంగాల వాళ్ళతో స్నేహం చేయి. ఇటలీలోని గుబ్బియో సున్నపురాళ్ళ దగ్గరకు వాల్టర్ అల్వరెజ్, లౌరీ మొదట వెళ్ళింది రాళ్ళ అయస్కాంత దిక్కు కొలవడానికే. అక్కడ క్షేత్రం తిరగబడిన కాలపు పొరల నడుమ కనపడిన పలుచని బంకమట్టి పొర అల్వరెజ్‌ను వదల్లేదు. 1980లో ఆ పొరలోని ఇరిడియం ఆధారంగా గ్రహశకలం ఢీకొన్న సంగతి లోకానికి తెలిసింది. మన దక్కను లావాలో ఎక్కువ భాగం పొంగింది కూడా సరిగ్గా ఆ తిరగబడిన కాలంలోనే, 29ఆర్ అని మనం పిలిచే అంతరంలోనే. దిక్కు కొలవడానికి వెళ్ళి డైనోసార్ల అంతం దగ్గర తేలారు. కళ్ళు తెరుచుకుని ఉంటే రాయి అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తుంది.

వాదాలు వస్తాయి. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాన్ రేణువుల్లో 420 కోట్ల ఏళ్ళ నాటి క్షేత్రపు గుర్తు ఉందని 2015లో టార్డునో బృందం అంది. ఆ గుర్తు తరవాత ఏర్పడిందని మరో బృందం గట్టిగా కాదంటోంది. రెండు పక్షాల పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి, ఒక్కో వాక్యం ఏ కొలత మీద నిలబడిందో వెతుకు. వాదించాల్సి వస్తే కొలత మీద వాదించు, మనిషి మీద కాదు. సభలో ఎదిరించినవారితోనే సాయంత్రం కలిసి టీ తాగగలగాలి.

ఆడపిల్లవని పనిలో ఎవరైనా వెనక్కి నెడితే ఒప్పుకోకు. డ్రిల్లు పట్టడం నేర్చుకో, దాని ఇంజను విప్పి బిగించడం కూడా నేర్చుకో. అలాగని ఒంటరిగా ఫీల్డుకు వెళ్ళడం ధైర్యమని అనుకోకు, ఎవరైనా సరే ఇద్దరు లేకుండా వెళ్ళకూడదు. బస ముందే ఖాయం చేసుకో, క్వారీలో మందుగుండు పేల్చే వేళలు అడిగి తెలుసుకో, ఊరి పేరూ తిరిగొచ్చే వేళా లాబ్‌లో చెప్పి బయల్దేరు. పెళ్ళి మాట వచ్చినప్పుడు నీ పని ఎలాంటిదో దాచకుండా చెప్పు. ప్రతి చలికాలం కొన్ని వారాలు కొండల్లో ఉండే మనిషివని తెలిసి, అది ఇష్టపడినవాడే నీకు తగినవాడు. ఈ మాట మీ అమ్మతో నేనే అంటాను, నువ్వు ఇబ్బంది పడకు.

గైడు దగ్గర వినయంగా ఉండు. ఆయన అనుకున్నదానికి భిన్నంగా నీ కొలత చెబితే ఆ కొలతను ఆయన బల్ల మీద పెట్టి, మళ్ళీ కొలుద్దామని అడుగు. పేపరులో ఎవరి పేరు ఏ వరసలో ఉంటుందో పని మొదలుపెట్టేటప్పుడే మాట్లాడుకో. చివర్లో మాట్లాడితే మనసులు విరుగుతాయి. నీ తరవాత చేరిన పిల్లలకు కోర్ గీత గీయడం చేయి పట్టి నేర్పు. కోసిన ప్రతి కోర్‌నూ పేరుతో, నంబరుతో డబ్బాలో దాచు. నువ్వు ఏ దేశం వెళ్ళినా ఆ డబ్బాలు ఎక్కడున్నాయో లాబ్‌లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది తల్లీ. భూమి లోపలి ఘన కేంద్రం ఎప్పుడు గడ్డకట్టడం మొదలైందన్నది తేలలేదు. సుమారు 56.5 కోట్ల ఏళ్ళ కిందట క్షేత్రం బాగా బలహీనంగా ఉండేదని కెనడా రాళ్ళు చెబుతున్నాయి. అదే కాలపు రాళ్ళు వేరే ఖండాల్లో ఏమంటాయో చూడాలి. మన కడప బేసిన్‌లో దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ నాటి సాక్ష్యం, మన డైకుల్లో అంతకన్నా పాత సాక్ష్యం ఉంది, దాన్ని ఇవాళ్టి పరికరాలతో మళ్ళీ కొలవాల్సిన చోట్లు ఎన్నో ఉన్నాయి. ఆ పని మన నేల మీద పెరిగిన పిల్లలు చేయాలని నా కోరిక.

తొందరపడకు, భయపడకు. కొలిచింది కొలిచినట్టు రాయి. ఈ సీజను ఫీల్డు అయ్యాక నీ నోటుబుక్ పట్టుకుని మా ఇంటికి రా, పేజీ పేజీ కలిసి చూద్దాం. అప్పటిదాకా ఒక్కటి గుర్తుంచుకో: మిగతావన్నీ ఉత్తరం చూపుతుండగా దక్షిణం చూపే శాంపిలు ఎదురైతే, దాన్ని కొట్టేయకుండా ముందు దాన్నే మళ్ళీ కొలువు.

ఆశీస్సులతో,
మావయ్య